నాయన గరిటె, ఆయన ఇంజను

మా ఆయన నన్ను చూడటానికి ఉదయగిరి వచ్చిన రోజు మా ఇంట్లో టీ తాగలేదు. మా అమ్మ తెచ్చి ముందు పెట్టింది, చల్లారిపోయింది. మళ్ళీ వేడి చేసి తెచ్చింది, అదీ చల్లారిపోయింది. గ్లాసు పట్టుకోవాలంటే చేతులు బయటికి తీయాలి కదా, ఆయనేమో రెండు చేతులూ తువ్వాలు కింద పెట్టుకుని కూర్చున్నాడు. ఆత్మకూరులో లారీ మెకానిక్కు ఆయన. సబ్బుతో, కిరసనాయిలుతో, చివరికి ఇసకతో కూడా తోముకుని బస్సెక్కాడట. అయినా గోళ్ళ సందుల్లో, అరచేతి గీతల్లో నలుపు పోలేదు. ఈ సంగతంతా పెళ్ళయ్యాక ఆయనే చెప్పాడు. ఆ రోజు తలుపు చాటు నుంచి చూస్తే నాకు అర్థమైంది ఒక్కటే, మనిషి చాలా సిగ్గరి అని.

మాది చెక్క గరిటెలు, చెంచాలు చెక్కే ఇల్లు. దుర్గం కొండ వైపు అడవి నుంచి వచ్చే నర్ది చెక్కతో మా నాయన సన్నటి చెంచాలు చేసేవాడు. నర్ది గట్టి చెక్క, పేడు లేవదు, నీళ్ళల్లో నానినా వంకర పోదు. ఇంట్లో ఉరుదూ, వాకిట్లో తెలుగు మాట్లాడుకునేవాళ్ళం కానీ, నాయనను మాత్రం నేను రెండు చోట్లా నాయన అనే పిలిచేదాన్ని. ఆయన దగ్గర ఎప్పుడూ చెక్క పొట్టు వాసన వచ్చేది.

చూపులకు వచ్చినవాళ్ళు వెళ్ళిపోయాక నాయన చల్లారిన టీ గ్లాసు తీసి పక్కన పెట్టాడు. తర్వాత అమ్మతో అన్నాడు, "మనిషి మంచోడే. ఆ చేతులే ఎప్పటికీ తెల్లబడవు."

"తెల్లటి చేతులోడు కావాలంటే షావుకారు కొట్టుకి పోయి వెతుక్కో," అంది అమ్మ.

అట్లా నేను ఆత్మకూరు కోడలినయ్యాను. డెబ్బైల చివరి సంవత్సరాలవి. మా ఆయన తక్కువ మాట్లాడేవాడు. నేనూ తక్కువే. ఆయన్ని 'మీరు' అనేదాన్ని, ఉరుదూలో అయితే 'ఆప్'. ఒకరినొకరు నొప్పించకుండా, ఒకే సత్రంలో దిగిన ఇద్దరు మర్యాదస్తుల్లాగా కొన్నేళ్ళు గడిపాం. మా పాప పుట్టింది. అప్పటికీ మా మధ్య ఆ మర్యాద అట్లాగే ఉంది.

సోమశిల దగ్గర పెన్నకి అడ్డంగా కడుతున్న ఆనకట్ట వెనక నీళ్ళు నిలవడం మొదలయ్యాక, ఒక కాంట్రాక్టరు అక్కడ చేపలు పట్టించే పని తీసుకున్నాడు. వలలు వేయడానికి సముద్రం వైపు నుంచి కుటుంబాలను రప్పించాడు. వాళ్ళకొక పడవ కొని, దాని వెనక బిగించే చిన్న ఇంజను ఒకటి తెచ్చాడు. పడవ నడపడం ఆ పడవల వాళ్ళకి వచ్చు, ఇంజను సంగతి రాదు. ఎవరో మా ఆయన పేరు చెప్పారు. అంతకు ముందు ఆయన మోకాలి లోతు దాటి నీళ్ళల్లోకి దిగిన మనిషి కాదు.

"ఎట్ట పోతారు? ఈత గూడా రాదు గదా మీకు," అన్నాను.

"నేను ఈదేది లేదు గదా. ఇంజను ఈదుతాది," అన్నాడు. పెళ్ళయ్యాక ఆయన నాతో ఆడిన మొదటి పరాచికం అదే అనుకుంటా.

నీళ్ళకు కాస్త దూరంలో పనివాళ్ళ కోసం వేసిన రేకుల ఇళ్ళు ఉండేవి. ఒకదాంట్లో మేం దిగాం. పక్కింట్లో పడవ మనిషీ ఆయన భార్యా. ఆమెను నేను అక్కా అనేదాన్ని. పొద్దున్నే ఆమె భర్తా మా ఆయనా కలిసి నీళ్ళ మీదికి వెళ్ళేవాళ్ళు. మధ్యాహ్నానికి బొచ్చె చేపలు, రాగండ్లు వేసుకుని వచ్చేవాళ్ళు. అటు ఒడ్డుకు వెళ్ళాల్సిన మనుషులుంటే వాళ్ళనూ ఎక్కించుకునేవాళ్ళు.

ఆ ఇంజనంటే ఆయనకు ప్రాణం. రోజూ పడవ మీంచి విప్పి, భుజాన మోసుకుని ఇంటికి తెచ్చి, తడిగుడ్డతో తుడిచి, పంచలో రెండు పలకలు కొట్టి చేసిన బల్లకు తగిలించేవాడు. లారీ ఇంజనులాగా దానికి ఆయిలు వేరే పోసే పని లేదు. పెట్రోల్లోనే ఆయిలు కలిపి పోయాలి. ఇంత పెట్రోలుకు ఇంత ఆయిలని కొలత ఉంది. కానీ ఆయన ఎప్పుడూ కొలత పోశాక డబ్బా వంచి ఇంకొంచెం పోసేవాడు. ఎందుకని ఒకసారి అడిగాను.

"ఆయిలు చాలక ఇంజను పట్టేసింది చూసినాను నేను. లోపల ఇనుమూ ఇనుమూ కరుచుకోని, మళ్ళా తిరగనే లేదు. నీళ్ళ మధ్యలో అట్టయితే మనుషులుంటారు గదా పడవలో," అన్నాడు.

నేను డబ్బా మూత బిగించి పక్కన పెట్టాను.

మొదటి ఏడాది బాగానే నడిచింది. తర్వాత ఇంజను నీరసపడటం మొదలుపెట్టింది. తాడు లాగితే పొద్దున ఒకటి రెండు లాగుళ్ళకి అందుకునేది కాస్తా, ఆయన చొక్కా చెమటతో తడిసేదాకా సతాయించేది. నీలం పొగ. పడవ నిండా మనుషులుంటే నడక నడిచినట్టు పోయేది. ప్లగ్గు తీసి తుడిచేవాడు, ఒక పూట బాగుండేది, మళ్ళీ మామూలే.

ఒక మధ్యాహ్నం వెలిగొండల వైపు నుంచి గాలి లేచింది. నీళ్ళు చూస్తుండగానే రంగు మారాయి. అక్కా నేనూ ఒడ్డుకు వెళ్ళాం. పడవ దూరంగా చుక్కలాగా కనపడుతోంది, కదలటం లేదు. ఇంజను శబ్దం వినపడుతుందేమోనని చెవులు రిక్కించుకుని నిలబడ్డాం. అక్క సముద్రం ఒడ్డున పుట్టి పెరిగిన మనిషి, ఎన్ని గాలులు చూసిందో. అయినా నా మణికట్టు పట్టుకుని వదల్లేదు.

"మా ఇంటాయన తెడ్డేస్తాడు లే. భయపడబాకమ్మా," అంటోంది కానీ, ఆమె వేళ్ళు బిగుసుకునే ఉన్నాయి.

తెడ్డు వేసుకుంటూ, గాలికి పక్కకు కొట్టుకుపోయి, ఎక్కడో దిగువన ఒడ్డు పట్టుకుని, ముళ్ళకంపల్లో నడుచుకుంటూ సాయంత్రం చీకటి పడే ముందు వచ్చారు ఇద్దరూ. మా ఆయన భుజాన ఇంజను ఉంది. నన్ను చూసి, "చన్నీళ్ళు ఉండాయా తాగడానికి?" అని అడిగాడు. నేను ఇంట్లోకి వెళ్ళి, చెంబు ముంచుకుని, అక్కడే గోడ వైపు తిరిగి కాసేపు నిలబడి, తర్వాత తెచ్చి ఇచ్చాను.

మర్నాడు ఇంజను విప్పాడు. పైన మూతలాగా ఉండే హెడ్డు తీసి నన్ను పిలిచి చూపించాడు. లోపలంతా గట్టి నల్లటి పెచ్చు. ఎన్నేళ్ళుగానో తోమని పాల గిన్నె అడుగులాగా ఉంది. కాలీ కాలని ఆయిలు అట్లా బొగ్గయి అంటుకుంటుందట. మెకానిక్కులు దాన్ని కార్బన్ అంటారు. పొగ బయటికి పోయే కన్నం సగానికి సగం పూడిపోయి ఉంది.

"ఊపిరాడక చచ్చింది పాపం," అన్నాడు ఆయన ఇంజనును చూస్తూ.

లారీ షెడ్లలో మోపెడ్ల సైలెన్సర్లు పూడిపోతే ఒక మోటు పద్ధతి ఉండేదట. పెట్రోలు పోసి అంటిస్తే లోపలి బొగ్గు కాలిపోతుంది. ఆయన పొగ గొట్టం ముక్కను విడిగా తీసి వాకిట్లో ఇటికల మీద పెట్టి అదే చేశాడు. మొదటి మంట ఆరింది. ఆరిందనుకున్నాడు. మిట్టమధ్యాహ్నం ఎండలో పెట్రోలు మంట కంటికి కనపడదు. ఇంకొంచెం పోద్దామని డబ్బా వంచాడు. మంట ఆ ధార పట్టుకుని పైకి పాకి డబ్బా మూతిని అందుకుంది.

నేను తలుపు దగ్గర పాపను ఎత్తుకుని ఉన్నాను. ఆయన డబ్బాను వెంటనే వదిలేసి ఉంటే చెయ్యి అంత కాలేది కాదు. ఇంటి వైపు పడుతుందని, మా వైపు పడుతుందని, దాన్ని పట్టుకునే రెండడుగులు అవతలికి నడిచి విసిరాడు.

అక్క ఎక్కడి నుంచి వచ్చిందో, చేటతో ఇసక తెచ్చి మంట మీద కుమ్మరించింది. నేను పాపను నేల మీద దించి, ఆయన్ని లాక్కెళ్ళి చేతిని నీళ్ళ డ్రమ్ములో ముంచాను. సిరా పుయ్యమని ఒకరు, పసుపు పెట్టమని ఒకరు. నేనేం పుయ్యనివ్వలేదు. ఆ చెయ్యిని నీళ్ళల్లోంచి బయటికి తియ్యనివ్వనూ లేదు. నాకేదో తెలిసి కాదు. నీళ్ళల్లో ఉన్నంతసేపు ఆయన పళ్ళు బిగించడం కాస్త తగ్గుతోంది, అంతే. చేపల లారీలో ఆత్మకూరు ఆసుపత్రికి తీసుకెళితే నర్సమ్మ చూసి, "నీళ్ళల్లో పెట్టి మంచి పని చేసినావు," అని, కుడి చేతికి మణికట్టు దాకా గుడ్డ చుట్టింది. వేళ్ళు కలిపి చుట్టడంతో చెయ్యి కాస్తా తెల్లటి ముద్దలాగా అయింది.

ఇంటికి వచ్చాక కంచం ముందు కూర్చుని ఆయన ఎటో చూస్తున్నాడు. ఎడమ చేత్తో తినడం మా ఇళ్ళల్లో అలవాటు లేదు. నేను అన్నం కలిపి ముద్ద చేసి నోటి దగ్గర పెట్టాను. మా ఇద్దరికీ అది కొత్త. ఆయన కళ్ళు మూసుకుని తిన్నాడు. పాప అది చూసి పడీ పడీ నవ్వింది, వాళ్ళ నాయనకు బువ్వ తినిపిస్తున్నారని.

ఇంజను ముక్కలుగా పంచలో పడి ఉంది. సముద్రం వైపు నుంచి మెకానిక్కు ఎప్పుడో వస్తాడని కాంట్రాక్టరు కబురు పంపాడు. అప్పటిదాకా పడవ కట్టేసి ఉంచమన్నాడు. అంటే అక్క వాళ్ళ వలలు ఎండలో ఆరుతూ ఉంటాయి, వాళ్ళ పొయ్యీ వెలగదు. అక్క నోరు తెరిచి ఏమీ అనలేదు. రోజూ వచ్చి పాపను ఆడించి పోయేది. మా ఆయన మాత్రం ఇంజను వైపు చూడటం, తలదించుకోవడం.

మూడో రోజో నాలుగో రోజో నేను అడిగాను, "మంట లేకుండా ఆ బొగ్గు తియ్యలేమా?"

"తియ్యచ్చు. కిరసనాయిల్లో నానబెట్టి గీకాల. ఆలీసం అవుతాది, అంతే. తొందర పడి చెయ్యి కాల్చుకున్నా గదా."

"అయితే మీరు చెప్పండి. నేను గీకుతాను."

ఆయన నా మొహం వంక చూశాడు. "నువ్వా?"

"గిన్నెలు తోమేది ఎవరు ఈ ఇంట్లో?"

అట్లా మొదలైంది. పాపను అక్క ఇంటికి పంపాం. పొయ్యి ఆర్పి, నిప్పుల మీద నీళ్ళు చల్లాను. పెట్రోలు డబ్బాలు ఇంటి వెనక దూరంగా పెట్టించాడు. ఇంజనును బల్లతో సహా గాలి ఆడే చోటికి జరిపాం. ముక్కుకు గుడ్డ కట్టుకోమన్నాడు, ఆ మసి ఊపిరితో లోపలికి పోకూడదట. నేను ఇంజను మీద చెయ్యి వేయబోతే, "ఆగు, ముందు ప్లగ్గు తీగ పీకి పక్కకు కట్టేసినామా చూడు. అది ఊరికే వేలాడతా ఉంటే మనం తాడు చుట్టే చక్రం తిప్పినప్పుడు దాని కొసన నిప్పు రవ్వ లేస్తాది," అన్నాడు. తీగ పక్కకు కట్టాను.

హెడ్డును కిరసనాయిలు బేసినులో నానబెట్టాం. పిస్టను మాత్రం ఇంజనులోనే ఉంది. చక్రం మెల్లగా తిప్పితే పిస్టను బయటి అంచు దాకా వచ్చింది. దాని చుట్టూ సన్నటి సందు. ఆ సందు నిండా గ్రీజు పూయమన్నాడు. గీకిన బొగ్గు రవ్వలు లోపలికి పోకుండా ఆ గ్రీజుకు అంటుకుంటాయి, తర్వాత అంతా కలిపి తుడిచేయొచ్చు. నాకు భలే నచ్చింది ఆ ఉపాయం.

"ఏంతో గీకాల?" అన్నాను, స్క్రూడ్రైవరు చేతిలోకి తీసుకుంటూ.

"దాంతో వద్దు! పిస్టను అల్యూమినియం, మెత్తన. ఇనుము తగిలితే గీత పడుతాది. గీత పడిన చోటే మళ్ళా బొగ్గు గట్టిగా పట్టుకుంటాది. వెదురు ముక్క చూడు."

వెదురు పుల్ల కిరసనాయిలు తగలగానే చివర పీచులు పీచులయింది. దువ్వెన ముక్కతో ప్రయత్నిస్తే విరిగింది. నేను లేచి లోపలికి వెళ్ళాను. పొయ్యి పక్కన గోడకు తగిలించి, పెళ్ళప్పుడు నాయన చెక్కి ఇచ్చిన అన్నం గరిటె ఉంది. అంచు చదునుగా, పదునుగా ఉంటుంది. తీసుకొచ్చాను.

"అది నీ గరిటె," అన్నాడు ఆయన.

"నర్ది చెక్క. అల్యూమినియం కన్నా మెత్తన, బొగ్గు కన్నా మొండి," అన్నాను.

గరిటె అంచు ఏటవాలుగా పెట్టి నెట్టితే నానిన బొగ్గు చిన్న పెళ్ళ లేచింది. దాని కింద బూడిద రంగులో తెల్లటి లోహం. ఇద్దరం ఒకేసారి ముందుకు వంగి తలలు కొట్టుకున్నాం. ఆ తర్వాత ఇంకొంచెం, ఇంకొంచెం. ఆయన పక్కన పీట మీద కూర్చుని చెప్తున్నాడు, "మెరిసేదాకా రుద్దబాక. మరక మిగిలినా పర్వాలేదు. గీత పడకూడదు, అంతే." చెప్తూ చెప్తూ ఉండబట్టలేక కట్టు కట్టిన చెయ్యి ముందుకు చాచాడు. ఆ గుడ్డ అంచు కిరసనాయిల్లోకి పోబోతోంది.

"నువ్వు ఆ చెయ్యి వెనక్కి తియ్యి!" అని అరిచాను.

అన్నాక తెలిసింది నేనేమన్నానో. అన్నేళ్ళలో ఆయన్ని నువ్వు అనడం అదే మొదలు. ఆయన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. నేను గరిటె వంక చూస్తూ కూర్చున్నాను, చెవులు కాలిపోతున్నాయి.

"అట్టే అను ఇంక," అన్నాడాయన. "బాగుండాది."

మధ్యాహ్నం బస్సుకు నాయన దిగాడు. చెయ్యి కాలిన సంగతి ఏ డ్రైవరు నోటి వెంటనో ఉదయగిరి చేరింది. భుజాన పని సంచి, అందులో ఉలులు, కత్తులు. ఏ ఊరు వెళ్ళినా ఆ సంచి వదిలేవాడు కాదు. వాకిట్లోకి వచ్చేసరికి నేను మోచేతుల దాకా మసితో, ముక్కుకు గుడ్డతో, నాయన చెక్కిన గరిటెతో ఇంజనును తోముతున్నాను. మా ఆయన లేచి నిలబడి, ఏ చేత్తో సలాం చెయ్యాలో తెలియక తడబడ్డాడు.

నాయన ముందు అల్లుడి దగ్గరకు వెళ్ళి, కట్టు కట్టిన చెయ్యిని తన రెండు చేతుల్లోకి తీసుకుని చూశాడు. "నొప్పి ఎట్టుండాది?" అని అడిగాడు. ఎట్లా కాలిందో అక్క వచ్చి చెప్పింది. మంట ఇంటి వైపు పోకుండా డబ్బా పట్టుకుని అవతలికి నడిచాడన్న మాట దగ్గర నాయన ఆమెను ఆపి, ఆ ఒక్క ముక్క మళ్ళీ చెప్పించుకున్నాడు. తర్వాత నా దగ్గరకు వచ్చి గరిటె అడిగాడు. అంచు అరిగి, నల్లబడి, ఒక మూల కొంచెం విరిగింది. అటూ ఇటూ తిప్పి చూశాడు.

"అన్నానికి చేసిచ్చినాను. నువ్వు ఇంజనుకి తినిపిస్తా ఉండావు," అన్నాడు.

"వేరే ఏదీ పనికి రాలా నాయనా."

"పనికి రాదు మరి. ఇనుముతో చేసేది కాదు ఇది," అంటూ పంచలో కూర్చుని సంచి విప్పాడు. ఎక్కడెక్కడ గీకాలో అల్లుడిని అడిగాడు. మా ఆయన ఎడమ చేత్తో నేల మీద గీసి చూపించాడు. పొగ పోయే కన్నం ఎంత వెడల్పు, లోపల ఎటు వంపు తిరుగుతుంది. నాయన సంచిలోంచి నర్ది ముక్క తీసి, ఒక చివర చదునుగా ఒకటి, కొన వంచినట్టుగా సన్నటిది ఒకటి చెక్కాడు. ఆ ఇద్దరూ అంతసేపు ఒకరితో ఒకరు మాట్లాడుకోవడం నేను అప్పుడే చూశాను. "ఇంకా సన్నం కావాలా?" "కొంచెం." "ఇట్టనా?" "ఆఁ, అంతే మామా."

పొగ కన్నం పని చేసేటప్పుడు పిస్టను ఆ కన్నానికి అడ్డంగా వచ్చేలా చక్రం తిప్పి ఆపమన్నాడు ఆయన. అప్పుడు బయటి నుంచి గీకిన బొగ్గు లోపల పడదు. వంపు పుల్లతో పెచ్చులు పెచ్చులుగా లాగాను. అరచేతిలో పట్టేంత బొగ్గు వచ్చింది. తర్వాత గ్రీజంతా రవ్వలతో సహా తుడిచి, ఇంకో గుడ్డతో మళ్ళీ తుడిచి, చేతులు పెట్టి తడిమి చూశాను. ఆ మసి గుడ్డలను పొయ్యి దగ్గరికి తేవద్దని, దూరంగా తీసుకెళ్ళి గుంత తీసి పూడ్చమన్నాడు.

నేను పూడ్చి వచ్చేసరికి నాయన ఇంకేదో చెక్కుతున్నాడు. చెంచా. కానీ దాని కాడ ఎంత లావంటే రోకలి పిడిలాగా ఉంది. మా నాయన చెంచాల కాడలు సన్నగా, పువ్వు కాడలాగా ఉంటాయి. అట్లాంటి మోటు చెంచా ఆయన చేతిలో ఎప్పుడూ చూడలేదు.

"ఏంది నాయనా అది?"

సమాధానం చెప్పకుండా అల్లుడి దగ్గరకు తీసుకెళ్ళి, కట్టు కట్టిన చెయ్యి బొటనవేలి సందులో కాడ దూర్చి చూశాడు. ఇంకొంచెం చెక్కాడు. మళ్ళీ దూర్చాడు. ఈసారి పట్టుకుంది.

"దీంతో తిను. కుడి చేత్తోనే తినచ్చు," అన్నాడు.

మా ఆయన ఆ చెంచా వంక చూస్తూ చాలాసేపు ఉన్నాడు. "మామా," అన్నాడు. నాయన పొట్టు దులుపుకుంటూ లేచి, పాపను చూడాలని అక్క ఇంటికి వెళ్ళిపోయాడు.

మర్నాడు పొద్దున హెడ్డు బిగించాం. బోల్టులు ఒకటి పూర్తిగా బిగించి ఇంకోదానికి పోకూడదు. ఎదురెదురువి తీసుకుని అన్నిటినీ కొంచెం కొంచెంగా బిగించుకుంటూ రావాలి, లేకపోతే హెడ్డు వంకర కూర్చుంటుంది. ఆయన వేలు పెట్టి చూపిస్తాడు, నేను పానా తిప్పుతాను. ఈ ఇంజనుకు చల్లదనం నీళ్ళ నుంచే, కాబట్టి ఒట్టిగా నడపకూడదట. నీళ్ళు నింపిన డ్రమ్ముకు తగిలించాం. కింద తిరిగే రెక్కను ముందే ఊడదీయించాడు, డ్రమ్ములో ఎవరి చెయ్యైనా పడితే ప్రమాదమని. పాపను, నాయనను, అక్కను అందరినీ దూరంగా నిలబెట్టాడు.

"లాగు," అన్నాడు నాతో.

తాడు లాగాను. ఏమీ కాలేదు. మళ్ళీ లాగాను. మళ్ళీ. నా భుజం పీకుతోంది. ప్లగ్గు తీసి తుడిచి బిగించమన్నాడు. అక్క భర్త వచ్చి, "నేను లాగుతానమ్మా," అన్నాడు. మా ఆయన తల అడ్డంగా ఊపాడు, "ఆమే లాగుతాది."

ఈసారి రెండు కాళ్ళూ గట్టిగా ఆనించి లాగాను. ఒక దగ్గు. ఇంకో లాగుడు. ఇంజను అందుకుంది. లోపల మిగిలిన కిరసనాయిలంతా తెల్లటి పొగగా ఎగదన్నింది, అందరం దగ్గుకుంటూ గాలి వచ్చే వైపు జరిగాం. కాసేపటికి పొగ పలచబడింది. శబ్దం తేటపడింది. మా ఆయన కళ్ళు మూసుకుని వింటున్నాడు. నాకు ఇంజను శబ్దం తెలియదు కానీ ఆయన మొహం తెలుసు. అది చూశాక తాడు చేతిలో అట్లాగే పట్టుకుని నేల మీద కూలబడి నవ్వాను. నవ్వుతుంటే ఏడుపొచ్చింది.

ఆ సాయంత్రమే పడవ నీళ్ళ మీదికి వెళ్ళింది. అక్క భర్త పడవ పట్టాడు, మా ఆయన ఎడమ చేత్తో ఇంజను పట్టాడు, తాడు లాగడానికి నేను కూడా వెళ్ళాల్సి వచ్చింది. అన్నాళ్ళు ఆ నీళ్ళ పక్కనే ఉండి కూడా నేను పడవ ఎక్కింది అదే మొదటిసారి. ఒడ్డు వెనక్కి పోతుంటే ఆయన చొక్కా అంచు పట్టుకున్నాను. ఒకచోట నీళ్ళల్లోంచి ఎండిపోయిన చెట్ల కొమ్మలు పైకి లేచి ఉన్నాయి. అక్కడొక ఊరు ఉండేదట. ఆ దగ్గరికి వచ్చేసరికి ఆయన ఇంజనును బాగా నెమ్మది చేశాడు. కొమ్మలు తగులుతాయని అన్నాడు. కొమ్మలు దాటిపోయాక కూడా కాసేపు అట్లాగే మెల్లగా పోనిచ్చాడు.

ఆ రోజు నుంచి పెట్రోల్లో ఆయిలు కలిపే పని నేను తీసుకున్నాను. ఆయన పక్కన నిలబడి, "ఇంకొంచెం పొయ్యి," అనేవాడు.

"బిడ్డకి మంచిదని గిన్నెడు నెయ్యి తాగిస్తామా? కొలత అంటే కొలతే," అనేదాన్ని.

ఇంజను పట్టేస్తుందన్న భయం ఆయనకు చాలా నాళ్ళు పోలేదు. నీళ్ళ మీది నుంచి వచ్చిన ప్రతిసారీ హెడ్డు మీద చెయ్యి పెట్టి చూసేవాడు. కానీ పొగ తగ్గింది, తాడు ఒకటి రెండు లాగుళ్ళకి అందుకుంటోంది, గాలి లేచిన రోజున కూడా పడవ టైముకు ఒడ్డు చేరుతోంది. మెల్లగా నమ్మకం కుదిరింది. కట్టు విప్పాక చిటికెన వేలు పూర్తిగా చాపుకోలేకపోయినా, మిగతా చెయ్యి బాగుపడింది. అరచేతిలో కొత్త చర్మం లేతగా, గులాబీ రంగులో వచ్చింది. నాయన వచ్చినప్పుడు అది చూసి, "ఇప్పుడు తెల్లబడింది చూడు," అని అల్లుడిని ఆటపట్టించాడు. మా ఆయన ఈసారి చేతులు దాచుకోలేదు.

మరుసటి ఏడు నీళ్ళు తగ్గిన రోజుల్లో మళ్ళీ హెడ్డు విప్పే సమయం వచ్చింది. ఆ ఏడు నాకు రెండో కాన్పు నెలలు. కిరసనాయిలు వాసన తగిలితే చాలు కడుపులో తిప్పేది. ఆయనే ఒక్కడూ బల్ల ముందు కూర్చున్నాడు, నర్ది పుల్లలు పక్కన పెట్టుకుని. నేను గాలికి ఎదురుగా, వాసన రాని చోట, గడప మీద కూర్చున్నాను.

"ప్లగ్గు తీగ పీకినావా?" అని అడిగాను అక్కడి నుంచి.

"పీకినాను."

"గ్రీజు పెట్టినావా చుట్టూ?"

"పెట్టినాను మే."

కాసేపు గీకాడు. పాప నా ఒడిలో తల పెట్టుకుని ఆయన్నే చూస్తోంది. ఆయన పిస్టను వంక, నా వంక చూసి, "ఇంక చాలా?" అన్నాడు.

"ఆ ఎడం పక్క మూల ఇంకా ఉండాది," అన్నాను.

"ఆడ నుంచి నీకెట్ట కనపడతా ఉండాది?"

"కనపడతా ఉండాది లే. మెల్లగా చెయ్యి, తొందరేముంది."

ఆయన నవ్వుకుంటూ పుల్ల తిప్పి పట్టుకుని, ఆ మూల మళ్ళీ మొదలుపెట్టాడు.